కొత్త కంప్యూటర్‌లోకి రాని చెయ్యి

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాకే. ఎక్కడైనా ఒత్తు జారిపోయినా, దీర్ఘం ఉండాల్సిన చోట లేకపోయినా చదివేవాళ్ళు మన్నించాలి. రాయడం కూడా నాకు నెమ్మదే. ఒక్కో వాక్యం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోతుంది. ఇది నా కథ కాదు, మేమంతా పనిచేసే ఎంబ్రాయిడరీ షాపులో డిజైనక్క కథ. ‘నాకు చెప్పడం రాదు, నువ్వే రాసిపెట్టు’ అని ఆవిడే అంది. కొంత నేను చూసింది, చాలావరకు ఆవిడ చెప్పింది.

డిజైనక్క ఆ షాపు యజమానికి వదిన అవుతుంది. అసలు షాపు మొదలుపెట్టింది ఆవిడా, ఆవిడ భర్తానే. ఆయన పోయాక పెత్తనం మరిది చేతికి వచ్చింది. ఆర్డర్లు తేవడం, కుట్టినవి చేర్చడం, అడిగినవాళ్ళకల్లా ‘రేపు తప్పకుండా’ అని చెప్పడం అతని పని. అతని భార్య, అంటే డిజైనక్కకు తోడికోడలు, కుట్టు యంత్రం నడుపుతుంది. పొట్టిగా గుండ్రంగా ఉండి, ఒక్కచోట కాలు నిలవని మనిషి. అందుకే ఆవిణ్ణి అందరూ, సూది కింద గిరగిరా తిరిగే దారపు కండె పేరుతో, బాబిన్ అంటారు. కట్టుకున్నవాడు కూడా అలాగే పిలుస్తాడు. ఆవిడేమీ నొచ్చుకోదు. బాబిన్ లేకపోతే మీ సూదులన్నీ గాలినే కుట్టాలి అంటుంది.

కిటికీ పక్కన కంప్యూటర్ ముందు ఉన్న కుర్చీ డిజైనక్కది. ఎవరైనా చొక్కా జేబు మీదికో, టోపీ మీదికో ఒక బొమ్మ కావాలని కాగితం తెస్తే, దాన్ని తెర మీద మళ్ళీ గీసి, సూది ఎక్కడ మొదలవ్వాలి, ఏ రంగు ముందు పడాలి, దారం ఏ వాలుగా పరుచుకోవాలి అన్నది యంత్రానికి అర్థమయ్యేలా చెప్పాలి. దారం వాలు సరిగ్గా చెప్పకపోతే ఆకు ఆకులా ఉండదు, గుడ్డకు వేసిన పచ్చ మాసికలా ఉంటుంది. డిజైనక్క గీసిన ఆకు మీద చెయ్యి పెడితే ఈనె తగులుతుందని పాత ఖాతాదారులు చెప్పుకునేవారు.

కొన్నేళ్ళ కిందట ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట త్వరగానే కుదుటపడింది, కాలు కూడా కొంచెం ఈడుస్తూ దారిలో పడింది. కుడిచెయ్యే మొండికేసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి కుర్చీలో కూర్చున్న రోజు, మౌస్ పట్టుకుంటే తెర మీద బాణం గుర్తు ఒకచోట నిలవలేదు. ఒక గీత పట్టుకుని లాగబోతే వేలు సడలి గీత మధ్యలోనే జారిపోయింది. ఆవిడ గోడవైపు తిరిగి కాసేపు ఏడ్చి, ఇక ఈ గదిలో అడుగుపెట్టనని మేడ మీదికి వెళ్ళిపోయింది. షాపు పైనే వాళ్ళ ఇల్లు.

వెళ్ళిన మనిషిని మళ్ళీ దింపింది బాబిన్. ఒక్క గంట వచ్చి కూర్చో అక్కా, గీయకపోయినా ఫరవాలేదు, నాకు కబుర్లు చెప్పేవాళ్ళు లేరు అని సతాయించి, చివరికి చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆ రోజు చెయ్యి కొంచెం మాట విన్నది. మర్నాడు ఇంకొంచెం విన్నది. నెల తిరిగేసరికి డిజైనక్క మునుపటంత చురుగ్గా కాకపోయినా తన పని తాను చేసుకోసాగింది. ఇంట్లోవాళ్ళ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. మరిది కనిపించినవాళ్ళందరితో మా వదిన చెయ్యి వచ్చేసిందండీ అని చెప్పుకొచ్చాడు. ఆవిడ కూడా అలాగే నమ్మింది. వేలు వణికే చెయ్యి తిరిగి తన చెయ్యి అయిందన్నది ఆవిడకు పోయినదేదో దొరికినంత ధైర్యం.

ఇంతలో కంప్యూటర్ ముసలిదైపోయింది. లోపలి ఫ్యాన్ పిండిమరలా మోగేది. పొద్దున మీట నొక్కి, ముఖం కడుక్కుని వచ్చినా ఇంకా కళ్ళు తెరిచేది కాదు. డిజైనక్క లేనప్పుడు ఎవరైనా దాని ముందు కూర్చుంటే వాళ్ళ పని ఇంతే. మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే గానీ అక్షరం పడదు. మౌస్ బల్ల చివరిదాకా జరిపితే బాణం జానెడు కదులుతుంది. ‘ఇది కంప్యూటరా, ఎద్దుబండా వదినా’ అని మరిది విసుక్కునేవాడు. డిజైనక్కకు మాత్రం దానితో ఏ పేచీ లేదు. మీకు ఓపిక లేదు, దానికి ఓపిక ఉంది అనేది.

ఒక ఆస్పత్రివాళ్ళు తమ కోట్లన్నిటి మీదా గుర్తు కుట్టించుకోవడానికి వచ్చేసరికి మరిది కొత్తది కొనాలని తీర్మానించాడు. గుండ్రటి చట్రం, దానిలోపల కాడ కలిసిన రెండాకులు, అంతే గుర్తు. ఆ పని నచ్చితే దుప్పట్లూ తెరలూ కూడా మీకే ఇస్తాం అన్నారట. మరిది ఆ రాత్రి భోజనాల దగ్గర మెల్లగా ఇంకో మాట కూడా చెప్పాడు. పని పెరిగితే కోర్సు చదివిన ఆపరేటర్ ఒకావిడ ఉందట, పిలిచి చూడాలేమో అని. అంటూనే వదిన ముఖం చూసి నాలుక కరుచుకుని, మీ చెయ్యి బాగున్నన్నాళ్ళూ ఆ కుర్చీ జోలికి ఎవరూ రారు వదినా అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. కానీ డిజైనక్క మనసులో ‘బాగున్నన్నాళ్ళూ’ అన్న మాట ముల్లులా మిగిలిపోయింది.

కొత్త కంప్యూటర్ వచ్చిన రోజు బాబిన్ లేదు. చెల్లెలి పురుడని ముందురోజే వెళ్ళింది. సామాను మార్చడానికి రిపేరాయన వచ్చాడు. మెడలో కళ్ళజోడు తాడుకు వేలాడదీసుకుని, కంప్యూటర్లతో రోగులతో మాట్లాడినట్టు మాట్లాడే మనిషి. పాతదానికీ కొత్తదానికీ మధ్య ఒక వైరు తగిలించి, ఇక మీ ఇల్లు మారడమేనమ్మా అన్నాడు.

డిజైనక్క నిజంగానే సామాను లారీకెక్కుతుంటే వాకిట్లో నిలబడ్డ ఇల్లాలిలా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఒక్కో డిజైన్ పేరు తెర మీద కనిపించి అవతలికి వెళ్ళిపోతోంది. తాము మొదట కుట్టిన పిచ్చుక వెళ్ళింది. బస్సు కండక్టర్ల టోపీ బిళ్ళ వెళ్ళింది. ఒక పాఠశాల గుర్తు ‘చివరిది’ అన్న పేరుతో ఒకసారి, ‘అసలు చివరిది’ అని ఒకసారి, ‘నిజంగా చివరిది ఇంక మార్చను’ అని ఒకసారి వెళ్ళింది. రిపేరాయన నవ్వి, ఇందులో ఏది చివరిదమ్మా అని అడిగాడు. వాటి తర్వాత ఇంకో రెండున్నాయి బాబూ, అవి కూడా ఎక్కించు అంది డిజైనక్క.

డిజైన్లు, దారాల రంగుల పట్టికలు, అక్షరాల అచ్చులు, ఆఖరికి తెర వెనక ఉండే కొండల బొమ్మ కూడా కొత్తదాంట్లోకి వచ్చాయి. తర్వాత తెర మీద ఒక పట్టీ తెరుచుకుంది. ఇంకా ఏమేమి తేవాలో టిక్కు పెట్టమని అడుగుతోంది. రిపేరాయన కళ్ళజోడు పెట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు.

“సెట్టింగులు మాత్రం వద్దమ్మా. పాతదాంట్లో ఎవరో మౌస్‌నీ మీటల్నీ బాగా కెలికి పెట్టారు. అందుకే దానికంత నీరసం. ఆ రోగం దీనికి ఎందుకు అంటించడం?”

అని ఆ ఒక్క టిక్కూ తీసేశాడు. డిజైనక్కకు అందులో కాదనడానికి ఏమీ తోచలేదు. నీకు తెలిసినట్టే చెయ్ బాబూ అంది. ఆయన పాతదాన్ని విప్పి బల్ల కింద పెట్టి, వచ్చే వారం మనిషిని పంపి తీసుకుపోతానని వెళ్ళాడు. పాతది అప్పటిదాకా అక్కడే గోనెసంచి కప్పుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున డిజైనక్క తలస్నానం చేసి, కొత్త ఇంట్లోకి వెళ్ళినట్టు కుర్చీలో కూర్చుంది. మౌస్ మీద చెయ్యి వేసి కొంచెం కదిపింది. బాణం తెర ఈ మూల నుంచి ఆ మూలకు మిడతలా గెంతింది. వెనక్కి లాగితే ఇటు దాటిపోయింది. ఒక డిజైన్ తెరవడానికి ఎప్పటిలాగే రెండుసార్లు నొక్కింది. తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. డిజైన్ పేరు నీలంగా మారి ఊరుకుంది తప్ప కదల్లేదు. పేరు రాయబోతే ఒక మీట నొక్కినందుకు అదే అక్షరం బారుగా వరస కట్టింది. ఆకు పట్టుకుని చట్రంలోకి లాగబోతే దారి మధ్యలో జారి పడిపోయింది.

అది జారిన తీరు ఆవిడకు తెలుసు. గోడవైపు తిరిగి ఏడ్చిన రోజు గీత జారిందే, అచ్చం అలాగే జారింది.

ఆవిడ మౌస్ వదిలేసింది. చుట్టూ చూసింది. మరిది ఫోన్లో ఎవరికో రేపు తప్పకుండా అని చెబుతున్నాడు. మూల బల్ల దగ్గర దారాలు కత్తిరించే ముసలమ్మ తలవంచుకుని తన పని తాను చేసుకుంటోంది. డిజైనక్క ఎవరికీ అనుమానం రాకుండా లేచి మేడ మీదికి వెళ్ళి, స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి, డాక్టరు నేర్పినవన్నీ చేసి చూసుకుంది. రెండు చేతులూ ఎత్తి పట్టుకుంది, రెండూ నిలిచాయి. నవ్వింది, మూతి వంకర పోలేదు. ఇంటి చిరునామా గడగడా పైకి చెప్పింది, నాలుక తడబడలేదు. అంటే తలలో ఏమీ కాలేదు, చెయ్యి ఒక్కటే లోలోపల చచ్చిపోతోంది అనుకుంది. అద్దంలోని మనిషి ఇంకా నవ్వు ముఖం పెట్టుకునే ఉంది. అది చూసి ఆవిడకే భయం వేసింది.

ఎవరికీ చెప్పలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పనిచేసింది. మౌస్ కింద తువ్వాలు మడిచి పెట్టి చూసింది. భోజనానికి పిలిస్తే ఆకలి లేదని కూర్చుండిపోయింది. మరిది రెండుసార్లు వచ్చి కొత్తది ఎలా ఉంది వదినా అని ముచ్చటగా అడిగాడు. గుర్రంలా ఉందయ్యా అంది. ఆ మాటలో అబద్ధం లేదు. దాని మీద నుంచి తాను పడిపోతున్న సంగతే చెప్పలేదు.

బాబిన్ లేనందున యంత్రం మరిదే నడిపాడు. అతనికి కుట్టడం వచ్చు గానీ చూపు మాత్రం ఎప్పుడూ ఫోన్ మీదే. డిజైనక్క ఇచ్చిన గుర్తు యంత్రానికి పెట్టి, ఫ్రేములో కోటు బిగించి, మీట నొక్కి బయటికి వెళ్ళాడు. సాయంత్రం కోట్లు దారాల బల్ల మీదికి వచ్చాయి. ముసలమ్మ కత్తెర పట్టుకుని మొదటి కోటు చూసి ఆగిపోయింది. రెండోదీ అంతే. ఒక ఆకు చట్రంలో ఉంది. రెండో ఆకు చట్రం గీత మీద కూర్చుని, కొస బయటికి వచ్చి, గాలికి రాలి అక్కడ అతుక్కున్నట్టుంది. దించేటప్పుడు చెయ్యి జారిన చోట ఆకు అలాగే ఉండిపోయింది, డిజైనక్క చూసుకోలేదు. ఎన్నడూ అలాంటిది చూసుకోకుండా పంపిన మనిషి కాదు.

మరిది కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేదని ఆవిడ తర్వాత చెప్పింది. తిట్టలేదు సరికదా, దారం విప్పుకుంటే పోతుందిలే వదినా, గుడ్డ పాడవలేదు అని సర్దిచెప్పాడు. ఆవిడ కుర్చీలోంచి లేచింది.

“ఆ కోర్సు చదివిన మనిషెవరో ఉందన్నావుగా, రమ్మను” అంది.

“ఇప్పుడేమయిందని వదినా?”

“చెయ్యి మళ్ళీ పోయింది.”

మరిది చేతిలో ఫోన్ జేబులో పడేశాడు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. తాను చూసుకున్నాననీ తలలో ఏమీ కాలేదనీ చెప్పినా వినకుండా ఆటో పిలిచాడు. డాక్టరు సుత్తితో తట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసి, పోయినసారి ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందమ్మా, ఇంకా కొంచెం మెరుగే అన్నాడు. డిజైనక్క నమ్మలేదు. పాపం మంచి మనిషి, నా ముఖం చూసి అలా అన్నాడు అనుకుంది. తిరుగుదారిలో మరిది ఆపరేటర్‌కి ఫోన్ చేశాడు. ఎల్లుండి పొద్దున వచ్చి చూస్తానందట. ఆటోలో ఇద్దరూ చెరొక వైపు రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి బాబిన్ ఊరి నుంచి దిగింది. ఆడపిల్ల పుట్టిందనీ అచ్చం తన ముక్కేననీ గుమ్మంలోనే మొదలుపెట్టిన మనిషి, మొగుడు చెప్పింది విని చేతిలో సంచి కింద పెట్టేసింది. కొత్త కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి మౌస్ కదిపింది. బాణం గెంతింది. ఆవిడ బల్ల కిందికి వంగి గోనెసంచి తొలగించి పాతదాన్ని ఒకసారి చూసి, మళ్ళీ కప్పేసింది. నువ్వు వెళ్ళి భోంచెయ్ అని మొగుణ్ణి పైకి పంపింది.

డిజైనక్క కింద మరిచిపోయిన నీళ్ళ సీసా కోసం వచ్చేసరికి బాబిన్ ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. తెర మీద డిజైన్ లేదు. ఏవో గీతలూ వాటి మీద జరిపే బొత్తాలూ ఉన్న పెట్టె తెరిచి ఉంది.

“ఏం చేస్తున్నావే?”

“ఏం లేదక్కా. కొత్తది కదా, ఊరికే చూస్తున్నా.”

“ఊరికే చూసేదానివైతే నన్ను చూసి ఎందుకు ఉలిక్కిపడ్డావు? పక్కింటి చెట్టు కాయ కోస్తూ దొరికినట్టు.”

 బాబిన్ మౌస్ వదిలేసి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, అంతా చెప్పింది. అప్పట్లో ఆస్పత్రిలో చేతి వ్యాయామాలు చేయించిన ఆవిణ్ణి తాను విడిగా వెళ్ళి కలిసిందట. చెయ్యి కుదరనివాళ్ళ కోసం కంప్యూటర్‌లోనే కొన్ని మార్పులుంటాయని ఆవిడ చెప్పిందట. బాణం నెమ్మదిగా కదిలేలా పెట్టుకోవచ్చు. రెండు నొక్కుల మధ్య ఎక్కువ సమయం ఇవ్వమనవచ్చు. మీట పొరపాటున తగిలితే పట్టించుకోవద్దని చెప్పవచ్చు. ఒకసారి పట్టుకున్న గీతను, వేలు సడలినా, మళ్ళీ నొక్కేదాకా వదలొద్దని చెప్పవచ్చు. అక్క మేడ మీద ఉన్నప్పుడు బాబిన్ రోజుకొకటి చొప్పున అవన్నీ పెట్టింది. పెట్టి, కబుర్లు చెప్పమని కిందికి దింపింది.

“చెబుదామనే అనుకున్నానక్కా. అప్పటికే మీ మరిది ‘చెయ్యి వచ్చేసింది’ అని అందరికీ చాటేశాడు. జబ్బు చేశాక నువ్వు మొదటిసారి నవ్వింది ఆ రోజే. ఇంక నాకు నోరు రాలేదు.”

“అంటే నా చెయ్యి రాలేదన్నమాట.”

“కొంత వచ్చిందక్కా.”

“ఎంత?”

బాబిన్ తెర మీది గీతల వైపు చూసింది.

ఈ కథ ఇంకెవరైనా చెబితే ఇక్కడ తోడికోడళ్ళిద్దరూ కావలించుకుని ఏడ్చారని చెబుతారేమో. అలా జరగలేదు. డిజైనక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిదాన్ని చేశారు, నేను డాక్టరు ముందూ చుట్టాల ముందూ ఇదిగో చూడండి అని చెయ్యి ఆడించుకున్నాను, నువ్వు చాటున నవ్వుకున్నావు కదూ అంది. బాబిన్ నవ్వుకోలేదని చెప్పబోతే వినలేదు. నీళ్ళ సీసా అక్కడే వదిలేసి పైకి పోయి తలుపేసుకుంది. సాయంత్రం బాబిన్ గుమ్మం దగ్గర నిలబడి, అవన్నీ మళ్ళీ పెట్టేశానక్కా, ఇక నీకు ఇబ్బంది ఉండదు అని చెప్పింది. లోపలి నుంచి ఒక్కటే మాట వచ్చింది. తీసేయ్ అని. బాబిన్ అలాగే తీసేసింది.

ఆ రాత్రి ఆవిడ ఏమనుకుందో ఆవిడే చెప్పింది. మొదట బాబిన్ మీద కోపం. తర్వాత తన మీద. ఎవరో వెనక నుంచి సైకిలు పట్టుకుంటే నేనే తొక్కానని ఈల వేసుకున్న పిల్లలా అయిపోయానే అని. కానీ ఎంత దొర్లినా ఒక ప్రశ్న మాత్రం వదల్లేదు. తాను అడిగిందే, ఎంత అని. పట్టుకున్న చెయ్యి తీసేస్తే సైకిలు ఎంత దూరం పోతుంది? అది ఎవరికీ తెలియదు. డాక్టరుకు తెలియదు, బాబిన్‌కు తెలియదు. తెలుసుకోవాలంటే దారి ఒక్కటే ఉంది.

పొద్దున్నే, షట్టరు తీయకముందే, ఆవిడ బాబిన్‌ను నిద్ర లేపింది. ఆపరేటర్ వచ్చేలోపు ఒక్కొక్కటీ చూపించు అంది. ఇద్దరూ పాత కంప్యూటర్‌ని బల్ల మీదికి ఎత్తి కొత్తదాని పక్కన పెట్టారు. ఫ్యాన్ మొరాయించి మొరాయించి తిరిగింది. పాతదాంట్లో ఆ పెట్టె తెరిచి, బొత్తం ఏ గీత దగ్గరుందో చూసి, కొత్తదాంట్లో కూడా అక్కడికి జరపడం మొదలుపెట్టారు. అయితే డిజైనక్క జరిపి ఊరుకోలేదు. పాతదాంట్లో ఉన్న చోట పెట్టి నొక్కి చూసింది. తర్వాత ఒక గీత ముందుకు జరిపి నొక్కి చూసింది. ఇంకొకటి జరిపి చూసింది.

రెండు నొక్కుల మధ్య సమయం సగానికి తగ్గించినా డిజైన్ తెరుచుకుంది. ఆవిడ నమ్మలేక మూసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ తెరుచుకుంది. ఇంకొంచెం తగ్గిస్తే మాత్రం మొండికేసింది.

“ఇదిగో, ఇంత వచ్చింది” అంది డిజైనక్క, తెర మీది ఆ రెండు గీతల మధ్య వేలు పెట్టి.

బాణం వేగం ఒక గీత పెంచితే బాగానే ఉంది. రెండో గీతకు చెయ్యి ఒప్పుకోలేదు. మీటల సంగతి ఏమీ మారలేదు, పాతదాంట్లో ఎలా ఉందో అలాగే కావలసి వచ్చింది. పట్టుకున్న గీతను వదలకుండా ఉంచేది తీసేసి ఆకును లాగి చూసింది. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది. మూడోసారి కాసేపు వేలు బిగబట్టి, పెదవి కొరుక్కుని, చట్రందాకా తీసుకెళ్ళి అక్కడ వదిలేసింది.

“చేయగలను” అంది డిజైనక్క. “కానీ ప్రతి ఆకుకూ ఇలా పెదవి కొరుక్కుంటే సాయంత్రానికి నాకు పెదవులుండవు. ఇది ఉండనీ.”

టిక్కు తానే పెట్టింది. అప్పుడు కూడా బాబిన్‌తో మంచి మాటేమీ అనలేదు. ఇవన్నీ నా నోటితో నేనే అడిగేదాన్ని కదే, ఒక్కమాట చెప్పి ఉంటే, అంది. అడిగేదానివి కాదక్కా, నువ్వు మెట్లు కూడా దిగేదానివి కాదు అంది బాబిన్. డిజైనక్క, అదీ నిజమేలే, అయినా రెండో నెలలో చెప్పవచ్చు అంది. అవునక్కా, రెండో నెలలో చెప్పవలసింది అని బాబిన్ ఒప్పుకుంది. అంతటితో ఆ మాట తెగింది. ఆ తర్వాత డిజైనక్క ఆస్పత్రి గుర్తు తెరిచి, జారిన ఆకును పట్టుకుని చట్రం లోపలికి చేర్చి, కాడకు కాడ కలిపింది. బాబిన్ ఒక పాత గుడ్డముక్క ఫ్రేముకు బిగించి కుట్టింది. ఆకు కుదురుగా కూర్చుంది.

ఆపరేటర్ చెప్పిన వేళకే వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, మాట తక్కువ మనిషి. మరిది ఆవిణ్ణి లోపలికి తీసుకొస్తూ వదిన కుర్చీలో కూర్చుని ఉండడం చూసి గుమ్మంలోనే ఆగాడు. డిజైనక్క లేవలేదు. అందరి ముందూ, గొంతు పెంచకుండా, చెప్పవలసింది చెప్పింది.

“నా చెయ్యి మళ్ళీ పోలేదు. అసలు పూర్తిగా రానే లేదు. కొంత చెయ్యి చేస్తుంది, మిగతా కొంచెం కంప్యూటర్ ఆగి చూస్తుంది. రెండూ కలిస్తే ఇదిగో.” అని గుడ్డముక్క చేతికిచ్చింది. “ఇది నీకు చాలితే కుర్చీ నాకు కావాలి. చాలకపోతే ఇప్పుడే చెప్పు.”

మరిది గుడ్డముక్కను వెలుతురుకు తిప్పి చూశాడు. ఆకు మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. ఏం జరిగిందో అతనికి ఇంకా సగమే అర్థమైంది. పెళ్ళాం వైపు చూస్తే ఆవిడ కళ్ళతోనే తర్వాత చెబుతానంది.

“కుర్చీ నేనెప్పుడు తీసుకున్నాను వదినా? మీరే వద్దన్నారు” అన్నాడు.

“ఇప్పుడు కావాలంటున్నాను.”

“అయితే కూర్చోండి” అన్నాడతను. అని, వచ్చిన ఆవిడను ఏం చేయాలో తెలియక బుర్ర గోక్కున్నాడు.

డిజైనక్కే లేచి, వచ్చారు కదా ఒకసారి చూడండి అని ఆవిణ్ణి కూర్చోబెట్టింది. ఆవిడ ఆకును పట్టుకుని కొంచెం జరిపి వదిలింది. ఆకు వదల్లేదు. బాణం ఎటు వెళితే అటు కూడా వెళ్ళింది, పైకి, కిందికి, చట్రం దాటి రంగుల పట్టిక మీదికి. ఇది నన్ను వదలడం లేదండీ అంది ఆపరేటర్, చెయ్యి గాల్లోకి ఎత్తేసి. బాబిన్ నవ్వాపుకోలేక యంత్రం చాటుకు వెళ్ళింది. డిజైనక్క కూడా నవ్వింది. ఇంకోసారి నొక్కండి వదులుతుంది, నా కోసం పెట్టుకున్నాను అని చెప్పింది.

సంగతి తెలిశాక ఆపరేటర్ ఆశ్చర్యపోలేదు. తాను ఇదివరకు చేసినచోట ఒకాయనకు మణికట్టు నొప్పి ఉండేదట, ఆయనకు కూడా ఇలాగే వేరుగా పెట్టి ఇచ్చారట. ఒకే కంప్యూటర్‌ని ఇద్దరికీ వేరువేరు పేర్లతో తెరుచుకునేలా చేయవచ్చనీ, ఎవరి పేరు నొక్కితే వాళ్ళ సెట్టింగులతో తెరుచుకుంటుందనీ, డిజైన్లు మాత్రం ఇద్దరికీ ఉమ్మడిగా ఉంటాయనీ చెప్పి, అక్కడే కూర్చుని చేసిపెట్టింది. పేరేం పెట్టమంటారు అని అడిగితే డిజైనక్క అనే పెట్టమంది ఆవిడ. పేరు పక్కన ఏ బొమ్మ పెట్టాలని అడిగితే ఏదో ఒకటి పెట్టమంది.

ఆస్పత్రివాళ్ళకు పని నచ్చి దుప్పట్లు కూడా వచ్చాయి. అందువల్ల ఆపరేటర్ మధ్యాహ్నాలు వచ్చి అక్షరాల పని చూస్తోంది. పొద్దుటి పూట కుర్చీ డిజైనక్కది. పేరు నొక్కి, తెర తెరుచుకోగానే ఆవిడ డిజైన్ల జోలికి వెళ్ళకుండా ముందు ఆ గీతల పెట్టె తెరుస్తుంది. అప్పుడప్పుడూ ఒక బొత్తం ఒక గీత ముందుకు జరిపి ఆ పూటంతా పనిచేసి చూస్తుంది. చెయ్యి ఒప్పుకుంటే ఉంచుతుంది. ఒప్పుకోకపోతే ఎవరూ చూడలేదన్నట్టు కాకుండా, పైకే బాబిన్‌తో చెప్పి, మళ్ళీ వెనక్కి జరుపుకుంటుంది.

ఇట్లు,
అందరూ పిలిచే పేరు దారాలత్త. వయసు అరవై ఎనిమిది. ఉంటున్నది షాపు వెనక, మేడమెట్ల పక్క గదిలో.